త్యాగమూర్తి అనే ముందు

ఒక మనిషి ఇంకొక మనిషికి సేవ చేస్తూ చనిపోతే, బతికి ఉన్న మనం ఆ మనిషికి ఏం బాకీ పడతాం? ఫొటోకి ఒక దండా? ఒక బిరుదా? రెండు నిమిషాల మౌనమా? ఇవన్నీ ఇచ్చేశాక ఆ బాకీ తీరిపోయినట్టేనా?

ఈ ప్రశ్న మన పిల్లలకు దూరంగా ఉన్నది కాదు. మన గూడేల నుంచి ఏటా ఎందరో ఆడపిల్లలు ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువులకు వెళుతున్నారు. ఊళ్ళో వాళ్ళు వాళ్ళను అప్పుడే నర్సమ్మ అని పిలవడం మొదలుపెడతారు. ఆ పిలుపులో గౌరవం ఉంది, ఆశ కూడా ఉంది. అయితే ఆ పనికి వెళ్ళే అమ్మాయికి మనం ఏం చెప్పి పంపుతున్నాం? ప్రాణం పోయినా సరే సేవ చెయ్యమనా? ప్రాణం జాగ్రత్త చూసుకో, సేవ తర్వాత అనా? ఈ రెండూ కాక ఇంకో మాట ఉందా? ఒక నర్సు జీవితాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం.

ఆమె పేరు లినీ పుతుస్సేరి. కేరళలో కోజికోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో నర్సు. తాత్కాలిక ఉద్యోగం. భర్త బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశమైన బహ్రెయిన్‌లో ఉండేవాడు. ఇంటి దగ్గర ఇద్దరు చిన్న కొడుకులు. 2018 మే నెల మొదట్లో ఆ ఆసుపత్రికి తీవ్రమైన జ్వరంతో ఒక యువకుడు వచ్చాడు. ఆమె డ్యూటీలో ఉంది. జ్వరంతో వచ్చిన వాళ్ళకు నర్సు ఏం చేస్తుందో అదే చేసింది. ఆ యువకుడు మే 5న చనిపోయాడు. అతని జబ్బు ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. అది నిపా అని తేలేసరికి ఇంకో రెండు వారాలు గడిచాయి. ఈలోగా లినీకి జ్వరం వచ్చింది. అనుమానం రాగానే తనను మిగతా వాళ్ళకు దూరంగా, విడిగా ఉంచమని ఆమే అడిగింది. చివరి రోజుల్లో భర్తకు ఒక చీటీ రాసింది. ఇక కలవలేమనుకుంటున్నానని, పిల్లల్ని బాగా చూసుకోమని అందులో చెప్పింది. మే 21 తెల్లవారుజామున కోజికోడ్‌లో చనిపోయింది. జబ్బు పాకకూడదని వెంటనే దహనం చేశారు. పిల్లలు అమ్మను చివరిసారి చూడలేదు.

ఆ చీటీ దేశమంతా తిరిగింది. పత్రికలు ఆమెను దేవత అన్నాయి, త్యాగమూర్తి అన్నాయి. కేరళ ప్రభుత్వం పిల్లలిద్దరికీ చెరి 10 లక్షల రూపాయలు, భర్తకు ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చింది. ఆ తర్వాత జాతీయ స్థాయిలో నర్సులకిచ్చే ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఆమెకు మరణానంతరం వచ్చింది. ఇవన్నీ మంచివే. ఆ కుటుంబానికి నిలబడే ఆధారం దొరికింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మేము ఆగి ఆలోచించింది ఆ ఒక్క మాట దగ్గరే. త్యాగం.

త్యాగం అంటే ఏమిటి? పోతుందని తెలిసి, కావాలని వదులుకోవడం. లినీ ఆ యువకుడికి సేవ చేసిన రోజున తన ప్రాణాన్ని వదులుకుంటున్నానని అనుకుందా? అనుకునే అవకాశమే లేదు. అది ఏ జబ్బో ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఆమె తన పని తాను చేసింది. పొద్దున్నే ఇంటికి వెళ్ళి పిల్లల్ని చూసుకోవాలనే అనుకుని ఉంటుంది, రోజూ లాగే. ఆమె ప్రాణం ఇవ్వలేదు. ఆమె ప్రాణం పోయింది. ఈ రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది. ఇచ్చింది అంటే ఇక మనం దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. పోయింది అంటే ఎందుకు పోయింది, ఎలా పోయింది అని అడగాలి.

అలాగని ఆమె గొప్పతనం తగ్గిందా? తగ్గలేదు. అది వేరే చోట ఉంది, అంతే. అత్యవసర విభాగంలో పనిచేసే నర్సుని చూడండి. అక్కడికి వచ్చే మనిషి చీటీ మీద జబ్బు పేరు రాసుకుని రాడు. వాంతులతో వస్తాడు, మూర్ఛతో వస్తాడు, రక్తం కారుతూ వస్తాడు. ఒక్కోసారి మనిషి పేరు కూడా తెలియదు. డాక్టరు వచ్చి పరీక్షలు రాసి, వాటి ఫలితం వచ్చేదాకా ఎవరో ఒకరు అతన్ని పట్టుకోవాలి. నోరు తుడవాలి, నాడి చూడాలి, సూది పెట్టాలి, పక్కకు తిప్పాలి. ఆ మొదటి చెయ్యి చాలాసార్లు నర్సుదే. నువ్వెవరు, నీ కులమేమిటి, నీ జబ్బేమిటి, నీ దగ్గర డబ్బుందా అని అడగకముందే పడే చెయ్యి అది. లినీది అటువంటి చెయ్యి. అదే ఆమె గొప్పతనం. అది ఒక్క రాత్రి పుట్టిన గుణం కాదు. చావు లేని వందల రాత్రులు కూడా ఆమె అదే పని చేసింది. ఆ రాత్రుల గురించి ఎవరూ రాయలేదు.

తెలిసి చేసిన పని కూడా ఆమె జీవితంలో ఒకటి ఉంది. నన్ను విడిగా ఉంచండి అని అడగడం. జబ్బు పడ్డ మనిషికి పక్కన ఎవరైనా ఉండాలనిపిస్తుంది. భయం వేస్తుంది. అప్పుడు కూడా ఆమె ఇతరుల గురించి ఆలోచించింది. దీని విలువ మన పెద్దలకు బాగా తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన్యంలో ఎన్నో గూడేలు ఎవరూ చెప్పకముందే దారికి అడ్డంగా కర్రలు, కొమ్మలు వేసుకున్నాయి. బయటివాళ్ళు కొందరు దాన్ని భయం అన్నారు. మనకు అది బాధ్యత. నా ఒంట్లోని రోగం నాతో ఆగిపోవాలి, పక్కింటికి పోకూడదు అనుకోవడం ప్రేమలో ఒక రకం. లినీ చేసింది అదే.

ఇక్కడ ఒక మాస్టారు అడగవచ్చు. త్యాగం అనే మాట తీసేస్తే పిల్లలకు ఆదర్శం ఏం మిగులుతుంది? పెద్ద మాటలు లేకపోతే చిన్న వయసులో మనసు కదులుతుందా? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. మన పిల్లలు పాఠాల్లో వీరుల కథలు చదివే పెరుగుతున్నారు. అడవి కోసం, భూమి కోసం తెలిసీ ప్రాణాలకు తెగించిన వాళ్ళు మన చరిత్రలో ఉన్నారు. వాళ్ళ విషయంలో ఆ మాట నిండుగా నప్పుతుంది. అందుకే దాన్ని జాగ్రత్తగా వాడాలంటున్నాం. పనిచేసే చోట రక్షణ లేక పోయిన ప్రాణానికి కూడా అదే పేరు పెడితే, ఆ పేరు కింద చాలా విషయాలు దాక్కుంటాయి. ఉద్యోగం తాత్కాలికమని దాక్కుంటుంది. గ్లవ్స్, మాస్కులు ఉన్నాయా లేవా అన్నది దాక్కుంటుంది. ఒక నర్సు ఎంతమంది రోగుల్ని చూస్తోంది అన్నది దాక్కుంటుంది. దేవతకు జీతం బకాయి ఉండదు కదా. దేవతకు సెలవు అక్కర్లేదు కదా. మనిషిని దేవతని చేసినప్పుడు ఆమెకు అవసరాలు లేకుండా చేస్తాం.

ఇంకో సంగతి చూడండి. లినీని దేశం పొగుడుతున్న ఆ రోజుల్లోనే, అదే పేరాంబ్ర ఆసుపత్రిలో పనిచేసే నర్సులు బస్సెక్కితే పక్కన కూర్చోవడానికి జనం భయపడ్డారు. ఆటోవాళ్ళు ఎక్కించుకోలేదు. వాళ్ళు లినీతో కలిసి డ్యూటీ చేసినవాళ్ళు. ఆమె చేసిన పనే చేస్తున్నవాళ్ళు. చనిపోయిన నర్సుకి కన్నీళ్ళు, బతికున్న నర్సుకి వెలి. వెలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్కన కూర్చోనివ్వకపోవడం ఎంత నొప్పో తెలిసిన జనం మనం. కాబట్టి ఈ తేడా మన కంటికి ముందు కనపడాలి.

ఇది ఒక్క కేరళలో జరిగింది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో లైబీరియా అనే దేశం ఉంది. 2014లో అక్కడ ఎబోలా వచ్చింది. సలోమీ కార్వా అనే యువతి తల్లిదండ్రులు ఆ జబ్బుతో చనిపోయారు. ఆమెకూ వచ్చింది, తగ్గింది. తగ్గాక ఆమె ఇంటి దగ్గర కూర్చోలేదు. తనకు వైద్యం చేసిన కేంద్రానికే తిరిగి వెళ్ళి, రోగులకు సేవ చేసే పనిలో చేరింది. ఆ సంవత్సరం అమెరికా పత్రిక టైమ్ ఎబోలాతో పోరాడినవాళ్ళను ఆ ఏటి మేటి వ్యక్తులుగా ప్రకటించి, ముఖచిత్రాల మీద వేసిన వాళ్ళలో ఆమె ఒకరు. 2017 ఫిబ్రవరిలో ఆమెకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటికి వచ్చాక మూర్ఛలు వచ్చాయి. తిరిగి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎబోలా వచ్చి తగ్గిన మనిషి అని ముట్టుకోవడానికి అక్కడివాళ్ళు భయపడ్డారని ఆమె కుటుంబం చెప్పింది. కాన్పయిన కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. ముఖచిత్రం ఆమెను ప్రపంచమంతటికీ చూపించింది. అవసరమైన రోజున ఆమె మీద చెయ్యి వెయ్యడానికి అది పనికిరాలేదు. మెచ్చుకోవడం వేరు, అక్కున చేర్చుకోవడం వేరు.

పొగడ్త మనిషిలో సగాన్నే గుర్తుపెట్టుకుంటుందనడానికి ఇంకో ఉదాహరణ ఆ పురస్కారం పేరులోనే ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన మే 12ని ప్రపంచమంతా నర్సుల దినంగా జరుపుకుంటుంది. ఆమె అనగానే మన పాఠ్యపుస్తకాల్లో చేతిలో దీపం ఉన్న బొమ్మ కనిపిస్తుంది. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో స్కుటారి ఆసుపత్రిలో రాత్రిపూట దీపం పట్టుకుని గాయపడ్డ సైనికుల మధ్య తిరిగింది నిజమే. కానీ యుద్ధం అయ్యాక ఆమె చేసిన పని చావుల లెక్కలు తీయడం. గాయాల వల్ల చనిపోయిన సైనికుల కంటే జబ్బుల వల్ల చనిపోయిన వాళ్ళే ఎక్కువని, శుభ్రత ఉంటే వాళ్ళలో చాలామంది బతికేవాళ్ళని లెక్కలతో, రంగుల పటాలతో పెద్దలకు చూపించింది. ఏళ్ళ తరబడి పోరాడి మార్పులు తెచ్చింది. మనం దీపాన్ని గుర్తుపెట్టుకున్నాం, లెక్కల్ని మరిచిపోయాం. దీపం పట్టుకున్న ఆడమనిషి అందంగా ఉంటుంది. లెక్క అడిగే ఆడమనిషి ఇబ్బంది పెడుతుంది.

మరి చనిపోయిన వాళ్ళను గుర్తుపెట్టుకునే సరైన పద్ధతి ఏమిటి? దీనికి మనం చాలా దూరం వెళ్ళనక్కర్లేదు. గోండు, కోయ జనాల్లో చనిపోయిన వాళ్ళ పేరున రాయి నిలబెట్టే ఆచారం ఉంది. సవరల్లోనూ రాయి పాతుతారు. అయితే సవరల పాత ఆచారంలో ఇంకో గొప్ప సంగతి ఉంది. వాళ్ళు చనిపోయిన వాళ్ళతో మాట్లాడేవాళ్ళు. పూనకంలోకి వెళ్ళిన పూజారమ్మ నోట చనిపోయిన మనిషి వచ్చి మాట్లాడేది. చుట్టూ కూర్చున్న ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు అడిగేవాళ్ళు. ఎలా పోయావు? నీకు ఏం కష్టం వచ్చింది? మా మీద ఏమైనా కోపం ఉందా? చనిపోయినవాళ్ళు నిందించేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, అలిగేవాళ్ళు, బతికున్నవాళ్ళు జవాబు చెప్పుకునేవాళ్ళు. వాదన జరిగేది. ఒక్క రోజుతో అయ్యేది కాదు, ఏళ్ళ తరబడి సాగేది. కొండల్లో మతాలు మారాయి, కాలం మారింది, ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ ఆచారం లేదు. దాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది. కానీ అందులో ఉన్న నీతి మనది. చనిపోయిన మనిషికి ఫిర్యాదు ఉండవచ్చని, దాన్ని వినడం బతికున్నవాళ్ళ ధర్మమని ఆ ఆచారం చెబుతోంది. పొగిడితే చాలదు, కూర్చుని వినాలి.

లినీ విషయంలో అలా కూర్చుని వింటే ఏం వినపడుతుంది? ఆమె నోట్లో మన మాటలు పెట్టే హక్కు మనకు లేదు. కానీ ఆమె చావు దానంతట అది కొన్ని ప్రశ్నలు వేస్తోంది. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిపా వచ్చినప్పుడు జబ్బు పడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రి సిబ్బంది, రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్ళు. అది నిపా అని తర్వాత ఏళ్ళలో తేలి, శాస్త్రవేత్తలు రాసి పెట్టారు. అంటే ఈ జబ్బు ఆసుపత్రిలోనే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని 2018 నాటికి తెలుసు. ఆ తెలివి దేశంలో ప్రతి చిన్న ఆసుపత్రిలో, ప్రతి రాత్రి డ్యూటీ నర్సు దాకా ఎందుకు చేరదు? తెలిసినవాళ్ళ నుంచి చెయ్యి వేసేవాళ్ళ దాకా మాట రావడానికి ఇంత కాలం ఎందుకు పడుతుంది? ఇవి ఒక్క ఆసుపత్రిని అడిగే ప్రశ్నలు కావు. మన పద్ధతి మొత్తాన్ని అడిగేవి.

ఈ ప్రశ్నలు విన్న జాడ ఒకటి కేరళలోనే ఉంది. 2018లో నిపాతో 17 మంది చనిపోయారు. పరీక్షల్లో జబ్బు తేలినవాళ్ళలో బతికింది ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. మరుసటి ఏడు, 2019 జూన్‌లో, ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిపా వచ్చింది. ఈసారి జబ్బును త్వరగా పట్టుకున్నారు. అతన్ని విడిగా ఉంచారు. అతనితో కలిసి తిరిగిన వందల మందిని కనిపెట్టుకుని ఉన్నారు. సేవ చేసిన నర్సులు పూర్తి రక్షణతో చేశారు. అతను బతికాడు. అతని నుంచి ఇంకొకరికి జబ్బు రాలేదు, సేవ చేసిన ఒక్క నర్సుకి కూడా. మా దృష్టిలో లినీకి నిజంగా కట్టిన గుర్తు అది. దాని మీద ఆమె పేరు రాసి లేదు. ఆ రోజుల్లో డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళి తమ పిల్లల్ని ఎత్తుకున్న నర్సులు ఉన్నారు చూడండి, వాళ్ళే ఆ గుర్తు.

అయితే ఈ జ్ఞాపకం ఒకసారి చేసి వదిలేసేది కాదు. 2023లో కోజికోడ్‌లో నిపా మళ్ళీ వచ్చింది. ఆరుగురికి సోకింది, ఇద్దరు పోయారు. సోకినవాళ్ళలో ఒక ఆరోగ్య కార్యకర్త ఉన్నారు, ఆయన కోలుకున్నారు. పొలం గట్టు ప్రతి వానకీ కొంచెం తెగుతుంది. ప్రతి ఏడూ మట్టి వెయ్యాలి. ఇదీ అంతే.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. మన కొండల్లో ఆసుపత్రి అంటే చాలాసార్లు ఒక నర్సమ్మ, ఒక ఆశా కార్యకర్త. వానాకాలం జ్వరాల రోజుల్లో గెడ్డలు దాటి, వాగులు దాటి, రక్తపు చుక్క తీసి మలేరియా చూసేది వాళ్ళే. రోడ్డు లేని ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే ఎదురొచ్చేది వాళ్ళే. నడిదారిలో కాన్పు అయితే బిడ్డను అందుకునేది వాళ్ళే. వాళ్ళలో చాలామంది మన ఆడపిల్లలే. వాగులో కొట్టుకుపోతే వాళ్ళను కూడా త్యాగమూర్తులంటాం. కానీ ఆ వాగు మీద వంతెన ఉండి ఉంటే ఆ బిరుదు అక్కర్లేదు. మనం బిరుదు ఇవ్వాలా, వంతెన అడగాలా?

రెండూ చెయ్యవచ్చు అంటారా? చెయ్యవచ్చు. కానీ మొదట వంతెన అడిగిన ఊరికే ఆ తర్వాత బిరుదు ఇచ్చే అర్హత ఉంటుంది.

నర్సు చదువుకు వెళ్ళే అమ్మాయికి మనం చెప్పవలసిన మాట ఇప్పుడు కొంచెం స్పష్టంగా కనిపిస్తోంది. అమ్మా, రోగి ఎవరైనా నీ చెయ్యి వెనక్కి పోకూడదు. ఆ చేతికి తొడుగు అడగడం నీ హక్కు. గ్లవ్స్ అడిగినంత మాత్రాన నువ్వు పిరికిదానివి కావు, సేవ తగ్గించినదానివీ కావు. నీకు జబ్బు చేస్తే రేపు వచ్చే రోగిని చూసేవాళ్ళు తగ్గిపోతారు. కాబట్టి నిన్ను నువ్వు కాపాడుకోవడం కూడా సేవలో భాగమే. నీ సమస్య గట్టిగా చెప్పు, లెక్క రాసి పెట్టు. ప్రాణం పణంగా పెట్టమని మేము నిన్ను పంపడం లేదు. నువ్వు పండగకి ఇంటికి రావాలి.

ఊరికి చెప్పవలసిన మాట కూడా ఉంది. నర్సమ్మ వచ్చినప్పుడు కూర్చోమని పీట వెయ్యండి. అంటుజబ్బు రోజుల్లో ఆమె ఇంటి ముందు దారి మూసెయ్యకండి. మందు పనిచెయ్యకపోతే ముందుగా ఆమె మీద అరవకండి. మందు ఎందుకు లేదో, అంబులెన్సు ఎందుకు రాలేదో ఆమెతో కలిసి వెళ్ళి అడగండి.

ఆశ్రమ పాఠశాలల్లో మే నెలలో సెలవులు. కాబట్టి మాస్టార్లు, టీచర్లు బడులు తెరిచాక ఒక రోజు దీనికి పెట్టుకుంటే బాగుంటుంది. లినీ పుతుస్సేరి గురించి, సలోమీ కార్వా గురించి చెప్పండి. తర్వాత మన మండలంలో పనిచేసే ఒక నర్సమ్మను పిలిచి, పొగడ్తలు తక్కువ చేసి, ఆమెను పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. మీరు రోజుకి ఎంత దూరం నడుస్తారు? మీ దగ్గర ఏ మందులు అయిపోయాయి? రాత్రి పిలుపు వస్తే ఎలా వెళతారు? మీకు భయం వేసిన రోజు ఏది? మా ఊరు మీకు ఏం చేస్తే పని తేలికవుతుంది? పిల్లలు ఆ జవాబులు నోటుబుక్కులో రాసుకోవాలి. వాటిలో ఒక్కటైనా పంచాయతీ దాకా తీసుకెళ్ళాలి.

చనిపోయిన వాళ్ళను అడిగి వినడం మన పాత ధర్మం. బతికి ఉండగానే అడిగి వినడం మనం కొత్తగా నేర్చుకోవాలి.